డిసెంబరు చివరి వారం జాగ్రత్త, నీలిమా

చిరంజీవి నీలిమకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

తేదీలను అక్షరాల్లోకి మార్చి చూపించే పని నీకే అప్పజెప్పారనీ, దాన్ని హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె దృష్టిలో అది చిన్న పని. నాకు సంతోషం కలిగింది, వెంటనే గుండె కలుక్కుమంది కూడా, ఎందుకంటే ఆ భాషలో నేను తలవంచుకోవలసి వచ్చింది సరిగ్గా ఈ పని దగ్గరే.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. తేదీ ఎలా కనబడాలో చెప్పే నమూనాలో నెలకు చిన్న ఎమ్, నిమిషాలకు పెద్ద ఎమ్ రాయాలి. సంవత్సరాన్ని రెండంకెల్లో రాయకు. తిరిగి చదివేటప్పుడు లైబ్రరీ 69ని 1969గా, 68ని 2068గా తీసుకుంటుంది, పుట్టినతేదీల దగ్గర తాతలు ఇంకా పుట్టని వాళ్లైపోతారు. ఇప్పటి సమయాన్ని ఫార్మాట్ చేసే ఫంక్షన్ లోపల అడగకుండా, బయట తెచ్చుకుని ఆర్గ్యుమెంటుగా అందించు. వారాల పేర్లు తెలుగులో కావాలంటే లొకేల్‌లో, అంటే భాషను బట్టి మారే పేర్ల పట్టికలో, నువ్వే నింపుకోవచ్చు, కాకపోతే ఆ జాబితా ఆదివారంతో మొదలవుతుంది.

ఇక నా సంగతి. టైపులు, అంటే విలువల రకాలు, కుదిరాయంటే ప్రోగ్రాము కుదిరినట్టేనని ఆ రోజుల్లో కనబడినవాళ్లందరికీ చెబుతూ తిరిగేదాన్ని. తేదీ ఒక టైపు, ప్రపంచమంతటికీ ఒకటైన యూటీసీ సమయంలోని క్షణం ఒక టైపు, స్థానిక సమయం మరొకటి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే, కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఒప్పుకోదు. అయితే తేదీని అక్షరాలుగా మార్చే ఫార్మాట్‌టైమ్ అనే ఫంక్షన్‌కు ఇచ్చే నమూనా ఉత్త స్ట్రింగు, అంటే అక్షరాల వరుస. ఆ కొటేషన్ గుర్తుల మధ్య ఏ అక్షరం రాసినా కంపైలర్‌కు ఒకటే. నేను 2019 ఫిబ్రవరిలో ఒక ఆసుపత్రికి అపాయింట్‌మెంట్ సందేశాలు పంపే ప్రోగ్రాము రాస్తూ, సంవత్సరానికి పెద్ద వై రాయవలసిన చోట పెద్ద జీ రాశాను. లైబ్రరీ వివరాల పట్టికలో రెంటికీ సంవత్సరమనే ఉంది. పక్కన ఉన్న మిగతా మాటలు చదివే ఓపిక లేకపోయింది. పెద్ద జీ ఇచ్చేది ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం లెక్కించే వారాలకు చెందిన సంవత్సరం. ఆ లెక్కలో వారం సోమవారంతో మొదలై, అందులోని గురువారం ఏ సంవత్సరంలో పడితే ఆ సంవత్సరానికే మొత్తంగా చెందుతుంది. ఆ రోజు తేదీ ఇచ్చి చూశాను, సరిగ్గా వచ్చింది, అంతటితో పరీక్ష అయిపోయిందనుకున్నాను. పది నెలలు సరిగ్గానే వచ్చింది కూడా.

2019 డిసెంబరు 30 సోమవారం. ఆ వారంలోని గురువారం 2020 జనవరి 2. కనుక ముందురోజు సాయంత్రం వెళ్లిన సందేశాలన్నింటిలో అపాయింట్‌మెంట్ 2020 డిసెంబరు 30 అని పడింది. పొద్దున్నే ఒక పెద్దాయన ఫోను చేసి, "అమ్మా, నేను ఏడాది ఆగాలా?" అని మర్యాదగా అడిగారు. డేటాబేసు తెరిచి చూస్తే తేదీ సరిగ్గానే ఉంది. ఉండకేం? హాస్కెల్ లోపల తేదీ అంటే 1858 నవంబరు 17 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్య. సంవత్సరం అక్షరాలైనప్పుడు గానీ పుట్టదు. అది తెలిసి ఉండి కూడా, "మీరు అద్దాలు పెట్టుకుని ఇంకోసారి చూడండి" అన్నాను. ఆయన చూసి, అంకెలు ఒక్కొక్కటిగా చదివి వినిపించారు. తప్పుగా రాసిన అక్షరాన్ని దిద్దడానికి అరనిమిషం పట్టింది. ఆయనతో అన్న ఆ మాట ఇన్నేళ్లయినా దిగమింగలేకపోతున్నాను.

అందుకని నా మాట విను. ఫార్మాట్ స్ట్రింగులను నాలుగు ఫైళ్లలో చల్లకుండా ఒక్కచోట పేరు పెట్టి ఉంచు. ఏ ఒక్క తేదీతోనో పరీక్షించి ఊరుకున్నావో, నీ చెవి మెలేస్తాను. మన క్యాలెండరు 400 ఏళ్లకు, అంటే 1,46,097 రోజులకు, వారాలతో సహా తిరిగి మొదటికి వస్తుంది. ఫార్మాట్‌టైమ్ ప్యూర్ ఫంక్షన్, అంటే ఒకే తేదీకి ఎప్పుడూ ఒకే జవాబిస్తుంది, తేదీలను జాబితాగా వరుసపెట్టడం ఆ భాషలో రెండు చుక్కల పని. కాబట్టి 2000 జనవరి 1 నుంచి 2399 డిసెంబరు 31 వరకు ప్రతి రోజునూ ఫార్మాట్ చేసి, అదే తేదీకి షో అనే ఫంక్షన్ సంవత్సరం, నెల, రోజు వరుసలో ఇచ్చే జవాబుతో పోల్చు. మీ నమూనాలో రోజు ముందు వస్తే, షో ఇచ్చిన ముక్కలను నువ్వే తిప్పి అతుక్కో. ఆ పోలికలో మళ్లీ ఫార్మాట్‌టైమ్‌నే వాడావంటే దొంగ చేతికే తాళం ఇచ్చినట్టు. ఆ రోజు నేను ఈ ఒక్క టెస్టు రాసి ఉంటే పెద్ద జీ 2000 జనవరి 1 దగ్గరే దొరికిపోయేది, ఎందుకంటే ఆ శనివారాన్ని అది 1999లో వేస్తుంది.

యూటీసీ క్షణాన్ని నేరుగా తేదీగా అచ్చువేయకు, ముందు చదివేవారి టైమ్‌జోన్‌లోకి మార్చు. అర్ధరాత్రి దగ్గర ఒక రోజు తేడా వస్తుంది. దీని మీద ఇంకా చెప్పాలని ఉంది గానీ, నీకు తెలిసే ఉంటుంది. చిన్నప్పుడు నా గడియారం ఊడదీసి, ఒక్క మర కూడా మిగలకుండా మళ్లీ బిగించినదానివి.

టెస్టు రాశాక నాకు పంపించు, కోడు చదవడం నేనింకా మరిచిపోలేదు. డిసెంబరు 29 రాత్రి ఏదైనా అనుమానం వస్తే ఎంత పొద్దుపోయినా ఫోను చెయ్యి. ఆ రాత్రి నాకెలాగూ నిద్ర పట్టదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ