32 ఏళ్లకు ఉద్యోగం మానేసి స్కూల్ టీచర్ అవ్వచ్చా?

విజయవాడలో ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పని, బీఎస్సీ ఎంపీసీ, ఇంట్లో భార్య, మూడేళ్ల పాప. ఉద్యోగం మానేసి బీఎడ్ చేస్తే తప్పా అని అడిగారు. తప్పేం లేదండి. నేను గుంటూరులో తొమ్మిదేళ్లు మెడికల్ రెప్‌గా తిరిగి, 33వ ఏట బీఎడ్‌లో చేరాను. ఇప్పుడు విజయవాడలో ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తున్నాను.

కొత్తపేట ఆసుపత్రుల్లో డాక్టర్ గది బయట రెండు గంటలు కూర్చుని, లోపల రెండు నిమిషాల్లో మందు గురించి చెప్పి రావడం నా పని. మాట్లాడటం వచ్చు, లెక్కలూ వచ్చు, ఇంకేం కావాలి అనుకున్నాను. స్కూల్లో చేరాక ఏడో తరగతి పిల్లాడొకడు ఆ ధీమా దించేశాడు. సగం, మూడో వంతు కూడమంటే 2/5 అని రాశాడు. పైవి పైవీ, కిందవి కిందవీ కూడేశాడన్నమాట. క.సా.గు. మూడుసార్లు చెప్పాను. మళ్లీ 2/5. గొంతు పెంచాను. అప్పుడు నెమ్మదిగా అడిగాడు: "సార్, రెండు మార్కుల ప్రశ్నకి ఒకటి, మూడు మార్కుల ప్రశ్నకి ఒకటి వస్తే, ఐదుకి రెండే కదా మీరు వేసేది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం గుంటూరు బస్సులో, నాగార్జున యూనివర్సిటీ దాటేదాకా అదే ఆలోచన. మర్నాడు వెళ్లి, "సగం దోశ తిన్నావు, ఆపైన ఇంకో ముక్క వేశారు. మొత్తం సగం కంటే తగ్గుతుందా?" అని అడిగాను. 2/5 సగం కంటే తక్కువ కదా. వాడు కాసేపు నోట్సు వంక చూసి, "అయితే మార్కులు వేరే లెక్క సార్. ప్రతి ప్రశ్నకీ మొత్తం మారిపోతోంది" అన్నాడు. నేను చెప్పాల్సిన మాట వాడే చెప్పాడు. ఇలాంటి రోజులు నెలకి రెండు వస్తాయి. మిగతావన్నీ నోట్సు కరెక్షన్లూ, సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లూ, గొంతు నొప్పీ. ఆ రెండు రోజుల కోసం మిగతావి భరించగలరా అన్నది ముందు తేల్చుకోండి.

ఇక డబ్బు. రెప్‌గా 38 వేలు వచ్చేవి, స్కూల్లో మొదటి జీతం 16 వేలు. పైగా ఎండాకాలం అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగమన్నారు, తలకి ఇన్ని అని. టార్గెట్లు వద్దని పారిపోయి వచ్చినవాడిని! పాంప్లెట్లు పట్టుకుని పటమటలో తిరుగుతుంటే పాత రెప్ ఫ్రెండ్ ఎదురుపడి, "బ్యాగ్ ఏదిరా?" అన్నాడు. ఆ స్కూల్ ఏడాదికే మానేశాను. ఇప్పుడున్నచోట ఆ గొడవ లేదు.

బీఎడ్ రెండేళ్లు, ఎడ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. రెండో ఏడాది 16 వారాలు స్కూల్లో ఇంటర్న్‌షిప్ ఉంటుంది కాబట్టి కలెక్షన్ పని చేస్తూ కుదరదు. రెండేళ్ల ఇంటి ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి. మా ఆవిడ టైలరింగ్ లేకపోతే నేను సగంలోనే వెనక్కి వెళ్లేవాణ్ణి.

ప్రభుత్వ ఉద్యోగమైతే ముందు టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో పేపర్ 2ఏ, ఆపైన పోస్టులు భర్తీ చేసే డీఎస్సీ పరీక్ష. టెట్‌లో 150కి ఓసీలకి 90, బీసీలకి 75, ఎస్సీ, ఎస్టీలకి 60 రావాలి. ఆ మార్కులకి డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పాసైతే చాలనుకోకండి. బీఎడ్‌తో స్కూల్ అసిస్టెంట్‌కే, అంటే పై తరగతుల సబ్జెక్టు టీచర్ పోస్టుకే వెళ్లగలం. 2023లో సుప్రీంకోర్టు తీర్పుతో ఎస్‌జీటీ (ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పే టీచర్) దారి మూసుకుపోయింది, దానికి డీఎడ్ ఉండాలి. 2022 పీఆర్సీ (జీతాల సవరణ) ప్రకారం స్కూల్ అసిస్టెంట్ బేసిక్ 44,570, అందుకే అంత పోటీ. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు, ఓసీలకి వయసు 44 దాకా ఇచ్చారు. అయితే దానికి ముందు పెద్ద డీఎస్సీ 2018లో. మధ్యలో ఏడేళ్లు కళ్లు కాయలు కాచేలా చూసినవాళ్లు మా స్టాఫ్ రూమ్‌లోనే ముగ్గురున్నారు. డీఎస్సీ ఒక్కదాన్నే నమ్ముకుని రాజీనామా ఇవ్వద్దు.

నా మాట వింటే ఇప్పుడే మానకండి. మీ వీధిలో ఆరేడుగురు పిల్లల్ని పోగేసి, రెండు నెలలు సాయంత్రం ట్యూషన్ చెప్పండి. ఫీజు లేకపోయినా సరే. బాగా చదివేవాళ్లనే కాకుండా, లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లని ఇద్దరినైనా కలుపుకోండి. బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలకి పూర్తిగా వీపు పెట్టకుండా ఓరగా నిలబడండి. ఇది మా సీనియర్ తెలుగు మేడమ్ నాకు మొదటి వారంలోనే చెప్పింది, బీఎడ్‌లో ఎవరూ చెప్పలేదు.

బీఎడ్‌లో మెథడాలజీ, అంటే బోధన నేర్చుకునే సబ్జెక్టు, లెక్కలు తీసుకుంటారా, ఫిజికల్ సైన్సా అన్నది రాయలేదు మీరు. అది కూడా ఆ ట్యూషన్ అయ్యాకే తేల్చుకోండి.