ఫ్రాస్ట్‌పంక్‌లో లండనర్ల సంఖ్య తగ్గకపోతే

మంచులో నగరాన్ని నడిపే ఫ్రాస్ట్‌పంక్ ఆటలో, వింటర్‌హోమ్ అనే మరో నగరం నాశనమైందన్న వార్త తర్వాత తలెత్తిన లండనర్లు (నగరాన్ని వదిలి లండన్‌కు తిరిగి వెళ్లాలనే వర్గం), మీరు ఆర్డర్ మార్గం (క్రమశిక్షణ, కాపలాలతో పాలించే చట్టాలు) ఎంచుకున్నా పెరుగుతూనే ఉన్నారన్నారు. మీరు పెట్టిన చిత్రంలో కారణం కనిపిస్తోంది: కావలి బురుజులు రెండూ బొగ్గు గోదాముల పక్కన ఉన్నాయి, ఇళ్లేమో అవతలి వైపు ఉన్నాయి.

1. బురుజును ఇళ్ల నడుమ కట్టండి. బురుజులకు వీలు కల్పించే చట్టంపై సంతకం చేయడంతోనే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కానీ ఆ భవనాన్ని కట్టి, దాని పరిధిలోకి ఇళ్లను తెచ్చినప్పుడే ఆశ (ఆటలో ప్రజల నమ్మకాన్ని చూపే కొలమానం) పెరుగుతుంది, ఆశ పెరిగితేనే లండనర్లు తగ్గుతారు. కట్టేముందు నేలపై కనిపించే వలయంలో ఎన్ని ఇళ్లు పడుతున్నాయో లెక్కపెట్టుకోండి. చిత్తూరు మే నెల ఎండలో చెమటలు కక్కుతూ ఆ మంచు నగరాన్ని నడిపినప్పుడు నేనూ ఇదే పొరపాటు చేశాను.

2. గార్డ్ స్టేషన్ (కాపలాదారుల ఠాణా) కట్టాక అందులో మనుషులను నియమించండి. ఖాళీ స్టేషన్ వల్ల ఏ ప్రయోజనమూ లేదు.

3. ఒక చట్టం తర్వాత మరొకదానికి వ్యవధి పడుతుంది కనుక, గడువు ముగిసిన మరుక్షణమే తదుపరి ఆర్డర్ చట్టంపై సంతకం చేయండి.

4. నెరవేర్చలేని వాగ్దానం చేయకండి. అది తప్పితే కూడబెట్టిన ఆశ కరిగిపోతుంది.