షుగరు వల్ల నోరు ఎండిపోతే ఫిజియోథెరపీ పనిచేస్తుందా?

ప్రశ్న: మావారి వయసు 63. చాలా ఏళ్లుగా షుగరుకు మాత్రలు వాడుతున్నారు. ఏడాదిగా నాలుక పిడచకట్టుకుపోయి, రాత్రిళ్లు లేచి లేచి నీళ్లు తాగుతున్నారు. చపాతీ, వేపుడు నీళ్లు లేకుండా మింగుడుపడటం లేదు. నిమ్మ బిళ్లలు చప్పరిస్తే కాస్త తెరిపిగా ఉంటోందంటున్నారు. చెంపల మీద కరెంటు పెట్టి లాలాజలం ఊరేలా చేస్తారని బీచ్ రోడ్డులో నడకకు వచ్చే మిత్రులు చెప్పారట. అది నిజమేనా? ఆ యంత్రం కొని ఇంట్లోనే పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: నిజమేనమ్మా, అలాంటి చికిత్స ఉంది. అయితే యంత్రం కొనేముందు నోరు ఎందుకు ఎండిపోతోందో తెలుసుకోవాలి. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు అది మూత్రంలోకి వచ్చేస్తూ తనతోపాటు నీటిని కూడా లాక్కుపోతుంది. విశాఖ ఉక్కపోతలో చెమట రూపంలో పోయే నీరు దీనికి తోడవుతుంది. ఒంట్లో నీరే తగ్గినప్పుడు గ్రంథులను ఎంత ప్రేరేపించినా లాలాజలం సరిగా ఊరదు. కనుక ముందుగా మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అరికాళ్ల మంటలకు ఇచ్చే అమిట్రిప్టిలిన్, కొన్ని అలర్జీ మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మందులు కూడా నోటిని ఎండబెడతాయి. మీవారు వాడే మందులన్నీ డాక్టరుగారికి చూపించండి గానీ, మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు.

ఇక కరెంటు చికిత్స సంగతి. దీన్ని టెన్స్ అంటారు. చెవి ముందు చెంపలో ఉండే పెరోటిడ్ గ్రంథులకు పైగా చర్మం మీద చిన్న ప్యాడ్లు అంటించి, చిమచిమలాడే పాటి విద్యుత్తును మాత్రమే పంపుతారు. లాలాజలాన్ని ఊరించే నాడులు దానివల్ల ప్రేరేపితమవుతాయని భావిస్తున్నారు. మధుమేహ రోగులతో సహా కొద్దిమంది మీద జరిగిన అధ్యయనాలలో లాలాజలం పెరిగినట్టు కనిపించింది కానీ, ఆ ఫలితం ఎంతకాలం నిలుస్తుందో గట్టిగా చెప్పగలిగినంత పెద్ద ఆధారాలు లేవు. గ్రంథిలో పనిచేసే కణజాలం ఎంతో కొంత మిగిలి ఉన్నవారికే ఇది ఉపకరిస్తుంది. గ్రంథుల మీద తక్కువ శక్తి గల లేజర్ కాంతిని ప్రసరింపజేసే చికిత్స కూడా ఉంది. దాని ఆధారాలూ ఇంచుమించు ఈ స్థాయిలోనే ఉన్నాయి.

నడుం నొప్పికి అమ్మే టెన్స్ యంత్రాన్ని తెచ్చి చెంపకు పెట్టుకోవడాన్ని నేను ఒప్పుకోను. పేస్‌మేకర్ ఉన్నవారికి, మూర్ఛ వ్యాధి ఉన్నవారికి ఇది ప్రమాదకరం కావచ్చు. ప్యాడ్లు జరిగి మెడ ముందువైపుకు, పక్కలకు వస్తే గుండె లయ, రక్తపోటు తారుమారు కావచ్చు. షుగరు వల్ల చర్మానికి స్పర్శ తగ్గినవారికి చర్మం కమిలినా తెలియకపోవచ్చు. కనుక తొలిసారైనా ఫిజియోథెరపిస్టు సమక్షంలోనే చేయించుకోవాలి.

ఇంట్లో నిశ్చింతగా చేసుకోదగినది మర్దన. భోజనానికి కాస్త ముందు, చేతులు కడుక్కుని, చెవి తమ్మెల ముందు వేళ్లు ఆనించి, చెంప మీదుగా నోటివైపు మెల్లగా, గుండ్రంగా రుద్దాలి. పెరోటిడ్ గ్రంథి నాళం పైదవడలో నమిలే పెద్ద పళ్లలో రెండోదానికి ఎదురుగా చెంప లోపల తెరుచుకుంటుంది. అందుకే వెనుక నుంచి ముందుకే రుద్దాలి. ఆపై దవడ ఎముక కింద లోపలి అంచున బొటనవేళ్లతో, వెనుక నుంచి గడ్డం వైపు మృదువుగా నొక్కాలి. నాలుకను పళ్ల చుట్టూ తిప్పడం, బుగ్గలు పూరించి వదలడం కూడా మంచిదే. నమలడం కూడా లాలాజలాన్ని ఊరించే వ్యాయామమే కాబట్టి చక్కెర లేని చూయింగ్ గమ్ నమలవచ్చు.

నిమ్మ బిళ్లలు మాత్రం ఆపించండి. వాటిలోని పులుపు, చక్కెర పళ్లను తినేస్తాయి. కడిగే లాలాజలం లేనప్పుడు ఆ నష్టం మరీ వేగంగా జరుగుతుంది. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజూ రెండుసార్లు తోమాలి. పళ్ల సెట్టు ఉంటే రాత్రి తీసి ఉంచాలి. నాలుక మీద తెల్లటి పొర, మంట ఉంటే అది ఫంగస్ కావచ్చు, దంతవైద్యుడికి చూపించాలి.

తినేటప్పుడు దవడ కింద ఒకవైపే వాచి నొప్పి పుడితే నాళంలో రాయి ఉండవచ్చు. జ్వరం, చీము ఉంటే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అలాంటప్పుడు మర్దన, కరెంటు రెండూ మాని ఆ రోజే వైద్యుడి వద్దకు తీసుకువెళ్లండి.