ఒకే పొయ్యి మీద రెండు వ్యాపారాలు

చిరు వ్యాపారుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: నేనూ మా వారూ మూడేళ్లుగా మూసాపేటలో కర్రీ పాయింటు నడుపుతున్నాము. కౌంటరు దగ్గర కూరలు రుచి చూసినవారే తమ ఇళ్లలో శుభకార్యాలకు కూడా వండిపెట్టమని అడగడంతో రెండేళ్ల నుంచి కేటరింగ్ ఒప్పుకుంటున్నాము. పోయిన శ్రావణంలో ఒక గృహప్రవేశానికి ప్లేటు 250 రూపాయల చొప్పున 150 మందికి మాట ఇచ్చాము. సరుకులకు 16,500, వంట మాస్టారికీ హెల్పర్లకూ 6,000, వడ్డించే కుర్రాళ్లకు 4,000, గిన్నెల అద్దెకూ ట్రాలీ ఆటోకూ 3,500, గ్యాసుకు 3,600, విస్తళ్లకూ నీళ్లకూ 2,500 రూపాయలు అయ్యాయి. తీరా భోజనాల వేళకు 190 మంది వచ్చారు. ఆ ఇంటి పెద్దవారు “ఎక్కువ వచ్చినవాళ్లంతా చిన్నపిల్లలే కదమ్మా” అంటూ 150 ప్లేట్లకే లెక్క కట్టి ఇచ్చారు. ఆ రెండు రోజులూ కొట్టు మూసే ఉంచాము. పేరైతే వచ్చింది గానీ చేతిలో మిగిలింది కనిపించడం లేదు. కేటరింగ్ మానుకోవాలా, లేక కొట్టు తీసేసి పూర్తిగా కేటరింగ్‌లోకే దిగాలా?
— ఒక పాఠకురాలు, మూసాపేట

సమాధానం: అమ్మా, మీరు పద్దులన్నీ దాచకుండా రాశారు కాబట్టి ముందు వాటినే చూద్దాము. రాబడి 37,500, ఖర్చు 36,100. అంటే మిగిలింది 1,400 రూపాయలు. దీనిలో మీ ఇద్దరి రెండు రోజుల కష్టానికి కూలి లేదు, కొట్టు మూయడం వల్ల పోయిన బేరం లేదు. సరుకుల పద్దు చూస్తే నాకు ఇంకో అనుమానం కూడా కలుగుతోంది: అదనంగా వచ్చిన నలభై మందికీ సర్దడానికి కొట్టులోని కందిపప్పు, నూనె, పెరుగు అప్పటికప్పుడు తెప్పించి ఉంటారు, వాటిని ఎక్కడా రాసి ఉండరు. కొట్టు నుంచి వెళ్లిన కిలో పప్పునైనా కేటరింగ్ పద్దులో కొనుగోలుగా రాసుకోకపోతే, ఒక వ్యాపారం రెండోదాన్ని లోపల్లోపల తినేస్తున్నా మీకు తెలియదు.

ఇవి రెండూ ఒకే వంటగదిలో జరుగుతున్నా వేర్వేరు వ్యాపారాలన్నది నేను మొదట చెప్పదలచుకున్న మాట. కొట్టులో మీరు ముందు వండి తరువాత అమ్ముతారు. కేటరింగ్‌లో ముందు అమ్మి తరువాత వండుతారు. కొట్టుకు మిగులు భయం, కేటరింగ్‌కు చాలదేమోనన్న భయం. కొట్టు గల్లాపెట్టె రోజూ కొంచెం కొంచెంగా నిండుతుంది. కేటరింగ్ డబ్బు ఒక్కసారిగా వచ్చి, ఆ తరువాత నెలల తరబడి కనిపించదు. అందువల్ల ఏదో ఒకటి మానుకోమని నేను చెప్పను గానీ, రెండింటికీ రెండు పుస్తకాలూ, వీలైతే రెండు బ్యాంకు ఖాతాలూ పెట్టమని మాత్రం గట్టిగా చెబుతాను.

మన పంచాంగం ఈ వ్యాపారాన్ని ఎలా నడిపిస్తుందో మీకు ఈపాటికే అనుభవమయ్యే ఉంటుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. అయితే హైదరాబాదులో అది బోనాల నెల కాబట్టి, గోల్కొండలో మొదలై లష్కరు (సికింద్రాబాదు) మీదుగా లాల్‌దర్వాజా దాకా వారం వారం ఏదో ఒక బస్తీలో దావతులు ఉంటాయి. శ్రావణంలో వ్రతాలు, గృహప్రవేశాలు, పెళ్లిళ్లు ఒక్కసారిగా మీద పడతాయి. భాద్రపదంలో పెళ్లిళ్లు లేకపోయినా వినాయక మండపాల అన్నదానాలు ఉంటాయి, కార్తికంలో వనభోజనాలు ఉంటాయి. పుష్యం శూన్యమాసం. గురు, శుక్ర మూఢాలు వచ్చినప్పుడు మంచి నెలలు కూడా చేజారిపోతాయి. ఇలాంటి నెలల్లో ఇంటి అద్దె కట్టేది మీ కర్రీ పాయింటే. కొట్టు తీసేయవద్దని నేను అనడానికి మొదటి కారణం ఇది. రెండోది మీ ఉత్తరంలోనే ఉంది: మీ కేటరింగ్ బేరాలన్నీ కౌంటరు దగ్గర రుచి చూసినవారి ద్వారానే వచ్చాయి. సాయంత్రం ఏడు దాటాక ఆఫీసు నుంచి వస్తూ పావుకిలో కూర, సాంబారు కట్టించుకుని వెళ్లే మనిషికి వరుసగా రెండు రోజులు మూసిన షట్టరు కనిపిస్తే, మూడో రోజు పక్క గల్లీలో కొనుక్కుంటాడు. ఫంక్షను ఉన్న రోజున పది రకాలకు బదులు ఒక పప్పు, ఒక వేపుడు, సాంబారు, ఒక రోటి పచ్చడి చేసి, ఇద్దరిలో ఒకరు కౌంటరు దగ్గరే ఉండండి. అది కుదరదనుకుంటే ఆ రోజు ఫంక్షను ఒప్పుకోవద్దు.

మంచి ముహూర్తం ఊరందరికీ ఒకే రోజున పడుతుంది. మీకు ఆర్డరు వచ్చిన రోజునే నగరంలోని ప్రతి వంట మాస్టారికీ పిలుపు వస్తుంది, హెల్పర్ల కూలి పెరుగుతుంది, టెంట్ హౌసులో గుండిగలు దొరకవు. అందుచేత మాస్టారితో, వడ్డించే కుర్రాళ్లతో మాట్లాడి వారికి బయానా ఇచ్చిన తరువాతే పార్టీ దగ్గర మీరు బయానా తీసుకోవాలి. నేను చిక్కడపల్లిలో ఇరవై ఏళ్లకు పైగా వంటలు ఒప్పుకున్నాను. తొలి రోజుల్లో దీనికి తిరగేసి చేసి, ఒక మాఘమాసపు రాత్రి మా ఆవిడా నేనూ ఇద్దరమే కూర్చుని మూడు వందల పూర్ణం బూరెలు వేయవలసి వచ్చింది.

ఇక ప్లేట్ల లెక్క. అప్పుడు మీ దగ్గర కాగితం లేకపోవడమే మీకు వచ్చిన కష్టం. ఒప్పుకున్న రోజునే ఒక తెల్ల కాగితం మీద తేదీ, భోజనాల వేళ, ప్రతి వంటకం పేరు, ప్లేటు ధర, ఖాయంగా చెల్లించవలసిన ప్లేట్ల సంఖ్య రాసి ఇద్దరూ సంతకం చేయండి. పది శాతం వరకు అదనంగా వండి తెస్తారనీ, ఖాయం చేసిన సంఖ్య దాటి తిన్న ప్రతి ప్లేటుకూ అదే ధర చెల్లించాలనీ రాయండి. ఫలానా వయసులోపు పిల్లలకు లెక్క లేదనో, సగం ధర అనో అందులోనే తేల్చేయండి. బఫే అయితే ప్లేట్లనూ, బంతి భోజనమైతే విస్తళ్లనూ వడ్డన మొదలయ్యే ముందు ఆ ఇంటివారిలో ఒకరి ఎదుట లెక్కపెట్టి, చివర మిగిలినవాటిని మళ్లీ వారి ఎదుటే లెక్కపెడితే, ఎంతమంది తిన్నారన్న దానిపై వాదనకు తావుండదు. ఒప్పుకున్నప్పుడు నాలుగో వంతు, సరుకులు కొనే ముందు రోజున సగం, మిగిలిన నాలుగో వంతు గిన్నెలు ఆటోలోకి ఎక్కించే లోపు తీసుకోండి. మర్నాడు వచ్చి ఇస్తామనే డబ్బుకు మర్యాద ఎక్కువ, వేగం తక్కువ.

ధర విషయానికి వస్తే, 250 రూపాయలు ఎక్కువా తక్కువా అన్నది వంటకాల జాబితా చూడకుండా చెప్పలేము. సరుకుల ఖర్చుకు కొంత కలిపి ధర చెప్పే పద్ధతి మాత్రం మానుకోండి. మీ లెక్కలోనే సరుకులు 16,500 అయితే మిగతా ఖర్చులు 19,600 ఉన్నాయి, వాటిలో చాలా భాగం యాభై మందికైనా నూట యాభై మందికైనా పెద్దగా తగ్గవు. అందుకే చిన్న ఫంక్షనుకు ప్లేటు ధర ఎక్కువగానే ఉండాలి. యాభై మందిలోపు అయితే సర్వింగు లేకుండా వండి హాట్ బాక్సులలో పంపడం ఇద్దరికీ మేలు. పరిమాణాలకు నేను వాడిన కొలత ఇది: మన తెలుగు భోజనానికి వంద మందికి 10 నుంచి 12 కిలోల బియ్యం, పులిహోర, బిర్యానీ లాంటివి పక్కన ఉంటే తెల్లన్నం ఆ మేరకు తగ్గించాలి. ఉప్పూ కారమూ మాత్రం లెక్క ప్రకారం పదింతలు వేయకూడదు. పెద్ద గుండిగలో నీరు ఇగిరే తీరు వేరు కాబట్టి, ముందు తక్కువ వేసి చివర రుచి చూసి కలపాలి.

ఫంక్షనులో మిగిలిన వంటలను మర్నాడు కౌంటరు మీద పెట్టవద్దు. మీరు అలా చేశారని నేను అనడం లేదు. ఆ ఆశ మాత్రం అందరికీ కలుగుతుంది.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు చిన్న టిఫిన్ సెంటరు ఉంది, ఆహార భద్రత రిజిస్ట్రేషను కూడా ఉంది. ఇప్పుడు ఆఫీసులకు, ఫంక్షన్లకు వండుతున్నాము. అదే సరిపోతుందా? జీఎస్టీ ఎప్పుడు తీసుకోవాలి? కొట్టు నా పేరున, కేటరింగ్ నా భార్య పేరున ఉంటే పరిమితి దాటదని ఒకరు చెప్పారు.
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సు నిబంధనలు, రిజిస్ట్రేషనుతో సరిపెట్టుకోగల చిరు వ్యాపారి ఎవరో నిర్వచిస్తూ, అందులోంచి కేటరరును ప్రత్యేకంగా మినహాయించాయి. అంటే టిఫిన్ సెంటరు కోసం తీసుకున్న రిజిస్ట్రేషను కేటరింగ్‌కు కూడా చెల్లుతుందని అనుకోవడానికి వీలులేదు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫాస్కాస్ అనే లైసెన్సుల పోర్టల్‌లో కేటరరు అనే వర్గాన్ని ఎంచుకుని, ఇప్పుడు అమలులో ఉన్న పరిమితినీ రుసుమునూ చూసి దరఖాస్తు చేయండి. వచ్చిన 14 అంకెల సంఖ్యను కొట్టులో కనిపించేలా పెట్టడంతో పాటు బిల్లు మీద కూడా వేయాలి. పెద్ద ఆఫీసులు మొదట అడిగేది ఆ సంఖ్యనే. మునిసిపల్ కార్పొరేషను ఇచ్చే ట్రేడ్ లైసెన్సు దీనికి వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

జీఎస్టీ విషయంలో చాలామంది పొరపడేది ఒకచోట ఉంది. సరుకుల అమ్మకానికి అనేక రాష్ట్రాల్లో రిజిస్ట్రేషను పరిమితి ఏడాది టర్నోవరు (మొత్తం అమ్మకాలు) 40 లక్షలు కాగా, తెలంగాణలో సరుకులకైనా సేవలకైనా 20 లక్షలే. ఇతర రాష్ట్రాల వీడియోలు చూసి ధైర్యంగా ఉండవద్దు. ఒకే పాన్ కింద ఉన్న కొట్టు, కేటరింగ్, పచ్చళ్ల అమ్మకం అన్నీ కలిపి లెక్కించాలి. స్విగ్గీ, జొమాటోల ద్వారా అమ్మిన భోజనాలపై 2022 జనవరి 1 నుంచి పన్ను ఆ సంస్థలే చెల్లిస్తున్నా, ఆ అమ్మకాలు మీ టర్నోవరులో చేరతాయి. మామూలు ఫంక్షను కేటరింగ్‌పై పన్ను 5 శాతం. అయితే మీరు కొన్న సరుకులపై కట్టిన పన్నును దానిలో సర్దుకోవడానికి కుదరదు, కాబట్టి ఆ భారాన్ని ప్లేటు ధరలోనే లెక్కవేసుకోవాలి. రిజిస్ట్రేషను లేనివారు బిల్లులో జీఎస్టీ పేరున రూపాయి కూడా వసూలు చేయకూడదు.

భార్యాభర్తల పేర్ల సలహా గురించి: నిజంగా వేర్వేరు పెట్టుబడి, వేర్వేరు ఖాతాలు, వేర్వేరు పనివారు ఉంటే అది రెండు వ్యాపారాలే. ఒకే పొయ్యి, ఒకే మాస్టారు, ఒకే ఫోను నంబరు పెట్టుకుని పేర్లు మాత్రం రెండు రాస్తే, తనిఖీకి వచ్చిన అధికారికి అది మొదటి చూపులోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: మేము ఎల్.బి.నగర్ నుంచి ఒక ఆఫీసుకు 80 మధ్యాహ్న భోజనాలు పంపాము. ఉదయం ఆరింటికే వండి వేడిగా ఉండగానే ప్యాక్ చేశాము. ఒంటి గంటకు తిన్నవారిలో కొందరికి సాయంత్రానికల్లా వాంతులయ్యాయని ఫోను వచ్చింది. సరుకులన్నీ తాజావే. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, ఎల్.బి.నగర్

సమాధానం: పరీక్ష చేయకుండా కారణం ఇదేనని ఎవరూ చెప్పలేరు గానీ, మీ వర్ణనలో నా కన్ను ఆగింది అన్నం మీద. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి, వాంతులు కలిగించే విషాన్ని వదులుతాయి. ఆ విషం తిరిగి వేడి చేసినా పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవడం దాని లక్షణం. ఆహారాన్ని 60 డిగ్రీలకు పైన వేడిగానో, 5 డిగ్రీలకు లోపు చల్లగానో ఉంచాలన్న నియమం ఇందుకే ఉంది. వేడన్నాన్ని మూత బిగించిన చిన్న డబ్బాలో పెడితే అది అరవై డిగ్రీల దగ్గరా ఆగదు, చల్లగానూ కాదు; ఆ మధ్యనే ఏడు గంటలు ఉంటుంది.

వంటను ఆరింటికి కాక పదింటికి ముగించండి. అన్నాన్ని పెద్ద హాట్ బాక్సులో పంపి అక్కడే వడ్డించే ఏర్పాటు చేయండి. బయలుదేరేటప్పుడూ చేరిన తరువాతా అన్నం మధ్యలో థర్మామీటరు పెట్టి చూసి రాసుకోండి. ఆ పరికరం ఖరీదు ఒక ఫిర్యాదు ఖరీదు కన్నా చాలా తక్కువ. పులిహోరలో చింతపండు పులుపు కొంత రక్షణ ఇస్తుంది. అయినా దాని అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పల్చగా ఆరబోసి త్వరగా చల్లార్చాకే కలపాలి. దద్దోజనం పుల్లబడటం వేరు, ఈ విషం వేరు: పుల్లబడకుండా మన పెద్దలు పాలు ఎక్కువ పోసి పెరుగు తక్కువ కలిపేవారు. అది రుచిని కాపాడుతుంది, ఈ ప్రమాదాన్ని ఆపదు. దద్దోజనాన్ని చల్లగా పంపలేనప్పుడు జాబితాలోంచి తీసేయడమే మంచిది.

ఆ ఆఫీసువారికి ఫోను చేసి, అస్వస్థులైనవారి వైద్యఖర్చు గురించి మీరే ముందుగా అడగండి. వారు మళ్లీ పిలుస్తారో లేదో తరువాతి సంగతి.

ప్రశ్న: చిన్న ఆర్డర్లకు ఇంటి సిలిండరు వాడితే తప్పా? ప్లాస్టిక్ ప్లేట్ల సంగతేమిటి?
— ఒక పాఠకురాలు, అల్వాల్

సమాధానం: తప్పే. 14.2 కిలోల సిలిండరు ఇంటి వంటకే. వ్యాపారానికి 19 కిలోలది తీసుకోవాలి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. మోదుగ విస్తళ్లు, వక్కపట్ట ప్లేట్లు బేగంబజారులో టోకున దొరుకుతాయి. రసం, పాయసం ఉన్న భోజనానికి పల్చటి విస్తరి ఎంచకండి, పట్టుచీర పాడైన వారికి మీరు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

ప్రశ్న: దగ్గరి బంధువులు ఫంక్షను వంట మాకే అప్పగించి, డబ్బు అడిగితే నొచ్చుకుంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

సమాధానం: బాబూ, కాగితం వారికి కూడా రాయండి. ప్లేటు ధరలో మీ లాభాన్ని పూర్తిగా వదులుకుని, ఆ మొత్తాన్ని కట్నం చదివించినట్టుగా ఆ కాగితం మీదనే చూపండి. సరుకులు, కూలీ, గ్యాసు మాత్రం ముందే తీసుకోండి. మా బావమరిది కూతురి పెళ్లికి నేను ఇలాగే చేశాను. వారం రోజులు అతను నాతో మాట్లాడలేదు. ఆ తరువాత వాళ్ల వియ్యంకులను నా దగ్గరికి పంపించాడు.