పది కిలోమీటర్ల సంగతి తర్వాత

చిన్నీ,

పది కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చావని మీ అమ్మ ఫోన్ చేసి మురిసిపోయింది. నాకూ సంతోషమే. ఆ మాటల్లోనే, తుమ్మితే నీకు మూత్రం చుక్కలు పడుతున్నాయన్నది కూడా నోరు జారింది. అంత విషయం నా దగ్గర దాస్తావా? కాన్పయి నాలుగు నెలలైంది కదా అంటావు. కాన్పయ్యాక మళ్లీ పరిగెత్తడానికి మూడు నెలలనేది కనీస గడువే తల్లీ. చుక్కలు పడుతున్నన్నాళ్లూ అది తీరనట్టే.

నీళ్లు తగ్గించకు, కాఫీ తగ్గించు. మలబద్ధకం రానీకు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ నువ్వెత్తకు, మీ ఆయన ఉన్నాడుగా.

ఇక కెగెల్ వ్యాయామం, అంటే మూత్రసంచిని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాలను బిగించి వదలడం. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడమే వ్యాయామమని మన ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూ వస్తున్నారు. అది అలవాటు చేసుకోకు. మూత్రసంచి బిగుస్తున్నప్పుడు కింది కండరాలు వదులవ్వాలి. మధ్యలో అడ్డుపడితే కొంత లోపలే మిగులుతుంది, ఇన్ఫెక్షన్‌కి దారి. ఇంతకన్నా మాయదారి పొరపాటు ఇంకోటుంది: ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి, బిగించేశాననుకోవడం. అప్పుడు కడుపులోని ఒత్తిడంతా కిందికి దిగి, పైకి లేవాల్సిన కండరాలనే నెడుతుంది. నెలల తరబడి ఇలా చేసి, ఈ కసరత్తులు ఉత్తవే అనేవాళ్లు బోలెడుమంది.

వెల్లకిలా పడుకో, మోకాళ్లు మడిచి చిన్న అద్దం పెట్టి చూసుకో. సిగ్గెందుకు, నీ ఒళ్లే. యోనికీ మలద్వారానికీ మధ్య చోటు లోపలికి, పైకి పోవాలి. బయటికి ఉబ్బిందా, నువ్వు ముక్కుతున్నావన్నమాట. గ్యాసు ఆపుకున్నట్టు వెనక మొదలుపెట్టి ముందుకి తెచ్చి పైకి లాగు. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు, మాట్లాడుతూ చెయ్యగలగాలి. మూడు సెకన్లతో మొదలుపెట్టి పది దాకా పెంచు. ఎంతసేపు బిగించావో, తర్వాత అంతసేపూ వదిలి ఉంచు, సరిగ్గా వదలడం రాకపోతే బిగించడమూ రాదు. ఇలా ఎనిమిదిసార్లు, ఆపైన చకచకా పది. రోజుకి మూడు పూటలు, మూడు నెలలు. తుమ్ము వస్తోందనగానే, పిల్లాణ్ణి ఎత్తబోయే ముందూ ఒక బిగింపు.

అరగంట చురుగ్గా నడిచి, ఒంటికాలి మీద పదేసి గెంతులు గెంతి, ఉన్నచోటే నిమిషం జాగింగ్ చేసి చూడు. చుక్క పడకుండా, కింద బరువు దిగినట్టు లేకుండా ఇవన్నీ అయితేనే బెంగళూరు కబ్బన్ పార్కులో పరుగు. అక్కడా నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. లాల్‌బాగ్ గుట్ట మీంచి దిగుతూ పరిగెత్తడం ఇప్పుడే వద్దు, అదురు ఎక్కువ.

నా అసలు భయం చుక్కలు కాదు. స్నానంలో కింద చేతికి ఉబ్బుగా ఏదైనా తగిలితే గర్భసంచో మూత్రసంచో జారుతుండొచ్చు. పరుగు ఆపేసి గైనకాలజిస్ట్‌కి చూపించుకో. మొదట్లో పట్టుకుంటే వ్యాయామంతోనో, లోపల పెట్టే రింగుతోనో చాలామందికి సర్దుకుంటుంది. మంటా, రక్తమా కనిపిస్తే అదే రోజు వెళ్లాలి.

ముందు ఫిజియోథెరపిస్ట్ దగ్గర టైము తీసుకుని నాకు మెసేజ్ పెట్టు. పిల్లాణ్ణి నేను చూసుకుంటాను.

మీ పెద్దమ్మ