మీ టెక్స్ట్ గేమ్‌ని ఏమనాలి? దెబ్బ తగిలిందని ఎవరు చెబుతారో చూడండి

మీరు నలుగురు కలిసి, చాలామంది ఒకేసారి టైపు చేసి ఆడే టెక్స్ట్ గేమ్ తయారుచేశారు. పోరాటం ప్రోగ్రామ్ చూసుకుంటుంది, చచ్చినవాడు గుళ్లో మళ్లీ లేస్తాడు, పాత్రలోనే మాట్లాడమని అడుగుతారు గానీ పట్టుబట్టరు. ఇలాంటి ఆటల్లోని రకాల పేర్లలో దీన్ని మడ్ అనాలా, మష్ అనాలా, ఆర్‌పీఐ (రోల్‌ప్లే ఇంటెన్సివ్, అంటే పాత్రలో ఉండి ఆడటమే ముఖ్యం) అనాలా అన్నది కదా మీ ప్రశ్న.

ముందు నా అనుభవం చెబుతా. 2003లో కాలేజీ ల్యాబ్‌లో టెల్నెట్ (దూరపు కంప్యూటర్‌కి కలిపే ప్రోగ్రామ్) పుణ్యమా అని డికు అనే రకం మడ్ ఒకదానికి అలవాటు పడ్డాను. 'కిల్ ర్యాట్' కొడితే చాలు, ఎలుకకెంత తగిలింది, నాకెంత ప్రాణం మిగిలింది, అన్నీ గబగబా స్క్రీన్ మీద దొర్లేవి. కొన్నాళ్లకి ఎవరో చెబితే ఒక మష్‌లోకి వెళ్లాను. కోట గుమ్మంలో కాపలావాడు నిలబడి ఉన్నాడు. చెయ్యి ఊరుకోదుగా, 'హిట్ గార్డ్' అన్నాను. 'హఁ? సాయం కావాలంటే హెల్ప్ కొట్టు' అని వచ్చింది. ఇంకోసారి కొట్టినా అదే. కాసేపటికి ఆ కాపలావాడే చాటుగా మెసేజ్ పెట్టాడు: నువ్వు కత్తి ఎలా దూశావో 'పోజ్' కొట్టి రాయి, తగిలిందో లేదో నేను రాస్తాను అని. వాడు ప్రోగ్రామ్ కాదు, ఎక్కడో అమెరికాలో కూర్చున్న మనిషి! అంటే మడ్‌లో దెబ్బ తగిలిందని ప్రోగ్రామ్ చెప్పింది, మష్‌లో ఆడేవాళ్లే చెప్పుకున్నారు. అక్కడ వాళ్లకి సాయంత్రమంటే మనకి తెల్లవారుజాము. ఆ సీను అయ్యేసరికి బయట పాలవాడి సైకిల్ బెల్లు వినిపించింది.

ఈ పేర్ల గందరగోళానికి కారణం చరిత్రే. 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన ఆట పేరు మడ్. 1989లో కార్నెగీ మెలన్‌లో జేమ్స్ ఆస్ప్‌నెస్ రాసిన టైనీమడ్ పోరాటాన్ని దాదాపు పక్కనపెట్టి, గదులు కట్టుకోవడం, కబుర్లు చెప్పుకోవడం ముందుకు తెచ్చింది. దాని తర్వాత వచ్చినవే మష్, మక్, మూ. మడ్ అంటే బురద, మక్ అంటే పెంట, మూ అంటే ఆవు అరుపు... వాళ్ల హాస్యం అలాంటిది. డికు మాత్రం కోపెన్‌హాగన్ యూనివర్సిటీ విద్యార్థులది, అందులో వేట, లెవెళ్లే ప్రధానం.

అంటే ఇవన్నీ కోడ్ వంశాల పేర్లు. ఆర్‌పీఐ అలా కాదు, అది ఆడే పద్ధతి పేరు. కోడ్ డికు సంతతిదైనా, అక్కడ ఎప్పుడూ పాత్రలోనే ఉండాలి, చస్తే ఆ పాత్ర పోయినట్టే. నేనొకదాంట్లో చేరినప్పుడు ఎదుటివాడి పేరుకి బదులు 'మొహం నిండా మచ్చలున్న పొడుగు మనిషి' అని కనబడింది. 'నీ లెవెల్ ఎంత?' అని అడిగి చీవాట్లు తిన్నాను. మూడో వారం దొంగల చేతిలో చచ్చాను. అంతే, మళ్లీ మొదట్నుంచి కొత్త పాత్ర రాసుకోవాల్సి వచ్చింది. ఒళ్లు మండిపోయింది గానీ, తప్పు వాళ్లది కాదు. ముందే రాసి పెట్టారు, నేనే చదవలేదు.

అందుకే మీరు ఒకే ముక్కలో తేల్చెయ్యకండి. మీ కోడ్ డికుదైతే, 'డికు కోడ్ మీద నడిచే మడ్, రోల్‌ప్లే ప్రోత్సహిస్తాం, తప్పనిసరి కాదు, చావు శాశ్వతం కాదు' అని రాయండి. ఆర్‌పీఐ అన్న మాట మాత్రం వాడొద్దు. అది చూసి వచ్చినవాడు గుళ్లో లేచిన శవాన్ని చూశాడంటే, ఆ రాత్రే వెళ్లిపోతాడు.