అమెరికాలోని కంట్రీ (పల్లె శైలి) సంగీత రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీ తొలి అనౌన్సర్ ఎవరు? ఆయన చేతిలోని చెక్క ఈల కథ ఏమిటి?

ఆయన జార్జ్ డి. హే. మొదట మెంఫిస్‌లో పత్రికా విలేకరి. తర్వాత రేడియోకి వచ్చి, చికాగోలోని డబ్ల్యుఎల్ఎస్ స్టేషన్‌లో పేరు తెచ్చుకున్నారు. 1925లో నాష్‌విల్‌లోని డబ్ల్యుఎస్ఎంకి మారారు. ఆ నవంబరు 28న 77 ఏళ్ల ఫిడేలు కళాకారుడు అంకుల్ జిమ్మీ థాంప్సన్‌ను మైకు ముందు కూర్చోబెట్టారు. అలా మొదలైన కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది!

పేరు మాత్రం 1927లో వచ్చింది. ఆ రోజు ఈ కార్యక్రమానికి ముందు గంటసేపు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ప్రసారమైంది. నల్లజాతి హార్మోనికా కళాకారుడు డిఫోర్డ్ బెయిలీ రైలు చప్పుడును వాయించి వినిపించాక, "ఇప్పటిదాకా గ్రాండ్ ఒపెరా విన్నారు, ఇకపై గ్రాండ్ ఓల్ ఆప్రీ" అన్న అర్థంలో హే అనేశారు. ఒపెరా (పాశ్చాత్య సంగీత నాటకం) అనే మాటకు పల్లెటూరి ఉచ్చారణే 'ఆప్రీ'. ఆ పేరులో బెయిలీకీ వాటా ఉందని నా అభిప్రాయం.

ఇక ఈల. స్టీమర్ పడవ కూతలా మోగే చెక్క ఈల అది. హే దాన్ని ఊదితే కార్యక్రమం మొదలైందని శ్రోతలకు తెలిసిపోయేది. టీవీ లేని రోజుల్లో ఆ కూతే ఆయన ముఖం. వయసు ముప్పై అయినా 'గంభీరమైన ముసలి జడ్జి' అని పిలిపించుకున్న ఆయనకు 1966లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 1968లో కన్నుమూశారు.